బండికి చెరువు ఉందన్న రెండు ఉత్తరాలు

సభకు అధ్యక్షత వహిస్తున్న శ్రీ సుబ్బయ్యగారికి, వేదిక మీద కూర్చున్న పెద్దలకు, వేదిక మీద చోటు చాలక కింద కూర్చున్న ఇంకా పెద్దలకు, నంద్యాల–ఆళ్లగడ్డ టూరిస్టు వాహన యజమానుల సంఘంలోని నా తోటి యజమానులు పదిమందికి, అదుగో ఆ గోడ పక్కన నిలబడిపోయిన డ్రైవర్లకు... కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, కూర్చోండి నాయనా. ముందు వరుసలో ఆరు, రెండో వరుసలో నాలుగు. మెట్లెక్కేటప్పుడే లెక్కపెట్టాను. (నవ్వులు) అందరికీ నమస్కారం.

నన్ను ఐదు నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని, పీరియడ్ అంటే నాకు నలభై ఐదు నిమిషాలు. భోజనాలు పన్నెండున్నరకట, ఇప్పుడు పదకొండూ నలభై. కాబట్టి వంటవాళ్లు కంగారు పడనక్కర్లేదు, మీరూ ఆశ పెట్టుకోనక్కర్లేదు. (నవ్వులు)

నన్ను ఎరగనివాళ్లు ఒకరిద్దరు ఉంటే వాళ్ల కోసం చెబుతాను. నా పేరు మహానందమ్మ. వయసు డెబ్బై నాలుగు. మా అబ్బాయి రామమోహన్‌కు నంద్యాలలో ట్రావెల్స్ ఉంది. రెండు బండ్లు, రెండూ పన్నెండు సీట్లవే, ఒకటి తెల్లది, ఒకటి బూడిదరంగుది. యాగంటికీ అహోబిలానికీ శ్రీశైలానికీ యాత్రికులను తిప్పుతాయి. పేరు అబ్బాయిది, పుస్తకం నాది. ఏ బండి ఏ రోజు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎంత డీజిలు తాగింది, ఎక్కడ పంక్చరైంది, ఎవరి పిల్లవాడు ఏ సీటు మీద వాంతి చేసుకున్నాడు, పదమూడేళ్లుగా అన్నీ నా చేతిరాతలోనే ఉన్నాయి. ఈ రోజుతో ఆ పుస్తకాన్ని మా మనవరాలు కావ్యకు అప్పగించి తప్పుకుంటున్నాను. అందుకే దీన్ని సన్మానం అన్నా సరే, వీడ్కోలు అన్నా సరే. మా ఇంట్లో మాత్రం దీన్ని విడుదల అంటున్నారట. (నవ్వులు, చప్పట్లు) ఎవరా ముందుగా చప్పట్లు కొట్టింది? రామమోహన్! సరే, ఈ రోజుకు వదిలేస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. పోయిన నెల ఇరవయ్యో తేదీ పొద్దున, నేను ఉగ్గానికి బొరుగులు నానబెట్టి తాలింపు వేస్తుండగా, కావ్య ఫోను పట్టుకుని వంటింట్లోకి పరుగెత్తుకొచ్చింది. "అవ్వా, ఆర్డరొచ్చింది! ముగ్గురికీ పడింది!" అంది. ఎవరికి ఏం పడిందే అంటే, కంపెనీలు కుమ్మక్కయితే విచారించే దిల్లీ సంస్థ ఒకటుంది కదా, అది మూడు కార్ల కంపెనీలను తప్పుపట్టింది. పొగను శుభ్రం చేసే యంత్రం విషయంలో ముగ్గురూ చాటుగా ఒప్పందం చేసుకున్నారని తేల్చి, జరిమానాలు వేసింది. నూట అరవై పేజీల ఆర్డరు. ఆ బొరుగులు ఆ రోజు ఎంతసేపు నానాయో నాకు తెలియదు. పదమూడేళ్లలో నాకు తెలియని లెక్క అదొక్కటే. అందరం పిండి లాంటి ఉగ్గాని తిన్నాం, ఎవరూ నోరెత్తలేదు. ఆ రోజు నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నిన్న రాత్రి ఈ ప్రసంగం రాసుకుంటూ నాలో నేనే నవ్వుకుంటుంటే, మా అబ్బాయి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. (నవ్వులు)

కంపెనీల పేర్లు నేను చెప్పను. అప్పీలుకు పోతారట, పోనీ. వాటిలో ఒకటి మా తెల్ల బండి చేసిన కంపెనీ, ఇంకొకటి మా బూడిదరంగు బండి చేసిన కంపెనీ. అంతవరకు చాలు.

ఈ సభలో బండ్ల సంగతి తెలియని ఆడవాళ్లు కొందరున్నారు, తెలుసునని చెప్పుకునే మగవాళ్లు చాలామంది ఉన్నారు, ఇద్దరి కోసమూ ఒక ముక్క. డీజిలు పొగలో ఒక విషవాయువు ఉంటుంది. దాన్ని విరిచేయడానికి కొత్త బండ్లలో పొగగొట్టంలోకి కొద్దికొద్దిగా ఒక ద్రవాన్ని చిమ్ముతారు. దానికి పెద్ద పేరేదో ఉంది. మన డ్రైవర్లు యూరియా నీళ్లు అంటారు. దానికి వేరే చిన్న టాంకు ఉంటుంది, మా బండ్లలో ఇరవై లీటర్లది. ఆ నీళ్లు తగినంత చిమ్మితే పొగ శుభ్రంగా ఉంటుంది, తగ్గిస్తే విషం ఎక్కువ పోతుంది. ఇంతే పాఠం. ఈ యూరియా చేనుకు వేసే బస్తా యూరియా కాదు. ఈ తేడా మొదట్లో అందరికీ తెలియలేదు. మన అధ్యక్షులవారు మొదటి కొత్త బండి కొన్నప్పుడు ఆళ్లగడ్డలో ఎరువుల కొట్టు ముందు ఆధార్ కార్డు పట్టుకుని రెండు గంటలు క్యూలో నిలబడ్డారు. కొట్టాయన "ఎన్ని ఎకరాలప్పా?" అని అడిగితే "పన్నెండు సీట్లు" అన్నారట. (పెద్దగా నవ్వులు)

(అధ్యక్షులు లేచి: "మేడం, ఆ బస్తా బండిలో పోయలేదు మేడం, చేనికే ఏసినా!")

తెలుసు నాయనా, కూర్చో. పోసి ఉంటే ఈ రోజు నువ్వు ఆ కుర్చీలో కాదు, షెడ్డులో ఉండేవాడివి. క్షమించండి, అధ్యక్షులను నువ్వు అన్నాను. ఎనిమిదో తరగతి బి సెక్షన్‌లో మూడో బెంచీ మీద కూర్చోబెట్టినవాణ్ణి మీరు అనడానికి నోరు తిరగడం లేదు.

మా తెల్ల బండి కొన్న మొదటి సంవత్సరం నలభై వేల కిలోమీటర్లు తిరిగింది. యూరియా నీళ్లు నూట నలభై నాలుగు లీటర్లు తాగింది. అంటే వెయ్యి కిలోమీటర్లకు మూడు లీటర్ల ఆరు వందల మిల్లీలీటర్లు. ఆ బండి నడిపింది అజయ్ కుమార్. అప్పటికి నాలుగేళ్లుగా మా దగ్గర పనిచేస్తున్న మనిషి. శ్రీశైలం ఘాటులో అతను బండి నడుపుతుంటే ముసలివాళ్లు నిద్రపోయేవాళ్లు. అంతకంటే గొప్ప కితాబు ఏ డ్రైవరుకూ ఉండదు.

ఆ మరుసటి ఫిబ్రవరిలో, అంటే ఇప్పటికి మూడో ఏడు, షోరూంవాళ్లు ఉచితంగా బండి చూస్తామని పిలిచారు. అజయ్ తీసుకెళ్లి తెచ్చాడు. సరిగ్గా అదే వారం నేనొక కొత్త పద్ధతి పెట్టాను. నేను పనిచేసిన స్కూలు ల్యాబు నుంచి గీతలున్న పాత గాజు జాడీ ఒకటి అడిగి తెచ్చుకుని, యూరియా నీళ్లు బకెట్టు లెక్కన ఇవ్వడం మానేసి, కొలిచి ఇవ్వడం మొదలుపెట్టాను. కొలవడం మొదలుపెట్టిన మరుక్షణం ఖర్చు సగానికి పడిపోయింది. వెయ్యి కిలోమీటర్లకు ఒక లీటరు తొమ్మిది వందలు!

మీరు నా స్థానంలో ఉంటే ఏమనుకుంటారు? నేను కొలిచాను, తగ్గింది. అంటే కొలవనప్పుడు ఎవరో తీశారు. నలభై వేల కిలోమీటర్లకు డెబ్బై ఆరు లీటర్లు చాలు. పట్టినది నూట నలభై నాలుగు. తీసివేస్తే అరవై ఎనిమిది. ఈ లెక్కలో తప్పు ఎక్కడుందో చెప్పండి చూద్దాం.

(డ్రైవర్ల వైపు నుంచి: "లెక్క కరెక్టే కదవ్వా!")

కరెక్టే. నూటికి నూరు. అందుకే నాకు ఒక్క క్షణం కూడా అనుమానం రాలేదు. ఏప్రిల్ పదకొండో తేదీ, పొద్దున తొమ్మిదీ పది, మా ఆఫీసు ముందు, బజారు నిండుగా ఉన్నప్పుడు అజయ్‌ను నిలబెట్టాను.

"అరవై ఎనిమిది లీటర్లు యాడికి పోయినాయప్పా?" అన్నాను.

"నాకేం తెలుసవ్వా. షోరూంలో కంప్యూటరు తగిలిచ్చి ఏందో చేసినారు. అప్పట్నుంచి బండి తాగడంల్యా" అన్నాడు.

"సర్వీసు చేస్తే ఆకలి చచ్చిపోతాదా?"

"మనుషులకు చావదు గానీ బండికి చస్తాదేమో. నేనేమన్నా ఇంజినీరునా? చూసింది చెప్తాండా."

"లారీలోళ్లకు అమ్ముకున్నావు."

"అవ్వా, నాలుగేండ్లుగా నీ బండి తోల్తాండా. అరవై ఎనిమిది లీటర్లు కాదు, అరవై ఎనిమిది చుక్కలు గూడా నేను ముట్టలే."

"చుక్కలు కొలిచే జాడీ నా కాడ లేదు. లీటర్లదే ఉండాది" అన్నాను నేను. బజారులో నలుగురు నవ్వారు. నాకు అప్పుడు బాగానే అనిపించింది. అజయ్ బండి తాళం నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. విసిరేయలేదు, పెట్టాడు.



నీళ్లు ఇవ్వమ్మా కావ్యా.

ఇప్పుడు తమాషా మొదలవుతుంది. అజయ్ వెళ్లాక కొన్న బూడిదరంగు బండి, మా అబ్బాయి రామమోహన్ నడిపేది, జూన్‌లో సర్వీసుకు వెళ్లింది. అది వేరే కంపెనీ బండి, వేరే షోరూము. తిరిగి వచ్చాక కొలిచాను. అంతకు ముందు మూడు లీటర్ల అయిదు వందలు తాగే బండి ఒక లీటరు తొమ్మిది వందలకు దిగింది. అదే అంకె! రెండు కంపెనీలు, రెండు షోరూములు, ఇద్దరు డ్రైవర్లు, ఒకే అంకె. పైగా ఈ రెండో బండికి మొదటి నుంచీ జాడీతో కొలిచే పోశాను, దొంగతనానికి చోటే లేదు.

ఆ రాత్రి రామమోహన్ అన్నం తింటుంటే అడిగాను, "నువ్వు గూడా అమ్ముకుంటాండావా?" అని. ఆ ముద్ద అతని గొంతు దిగడానికి చాలాసేపు పట్టింది. (నవ్వులు) నవ్వకండి, నిజంగానే అడిగాను. పుస్తకంలో అజయ్ పేరు ఎదురుగా ఏం రాశానో, కొడుకు పేరు ఎదురుగా కూడా అక్షరం తేడా లేకుండా అదే రాశాను. కానీ ఒకటి చెప్పాలి. కొడుకును మాత్రం బండి దిగమనలేదు.

జూలైలో రెండు కంపెనీలకూ ఉత్తరాలు రాశాను. తెలుగులో రాశాను, తెలుగులోనే జవాబివ్వమన్నాను. నా భాషలో బండి అమ్మినవాళ్లు నా భాషలో జవాబు చెప్పలేరా? సెప్టెంబరు నాలుగున ఒక జవాబు, ఎనిమిదిన ఇంకొకటి వచ్చాయి. మొదటిది చదువుతాను వినండి. "గౌరవనీయులైన వినియోగదారుడా, మీ వాహనం యొక్క చెరువు చట్టము కోరిన పరిశుభ్రతకు సరిపోవును. చెరువు గురించి ఆందోళన చెందవలదు."

(నవ్వులు)

చెరువట! మా బండికి చెరువు ఉందని నాకు అప్పుడే తెలిసింది. ఆయకట్టు ఎంతో, తూము ఎక్కడో, ఎవరూ చెప్పలేదు. (నవ్వులు ఆగలేదు) నేనూ కావ్యా కడుపు పట్టుకుని నవ్వాం. ఇంగ్లీషులో టాంకు అంటే చెరువు అని కూడా అర్థం కదా, ఏదో యంత్రం అలా తిప్పి రాసి పడేసింది. సరే, నవ్వుకుని మడిచి పెట్టేశాం. నాలుగు రోజుల తర్వాత రెండో కంపెనీ జవాబు వచ్చింది. కవరు చించాను. "గౌరవనీయులైన వినియోగదారుడా, మీ వాహనం యొక్క చెరువు..."

అప్పుడు నవ్వు రాలేదు.

కావ్య తెలివైన పిల్ల. వెంటనే అంది, "ఇద్దరూ ఒకటే యంత్రంతో తెలుగు చేసుంటారవ్వా. యంత్రం ఎవరికైనా అదే తప్పు చేస్తాది." మంచి మాటే. నేనన్నాను, "యంత్రం ఒకటే అయితే తప్పు ఒకటి కావచ్చు. కానీ రెండు ఉత్తరాలూ మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా ఒకటి కావాలంటే, లోపల పెట్టిన ఇంగ్లీషు కూడా ఒకటే కావాల. ఒకరితో ఒకరు పోటీ పడే కంపెనీలు ఒకే జవాబును ఎట్లా పంచుకున్నాయి?"

జవాబు పత్రాలు దిద్దిన ప్రతి టీచరుకూ ఇది తెలుసు. ఇద్దరు పిల్లలకు ఒకే ఒప్పు వస్తే చదివారని అర్థం. ఇద్దరికీ ఒకే తప్పు వస్తే పక్కపక్కన కూర్చున్నారని అర్థం. ఒకసారి ఎనిమిదో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో, రైతు దగ్గర మిగిలిన గొర్రెలెన్ని అన్న లెక్కకు, మైనస్ ఏడు గొర్రెలు అని ఇద్దరు రాశారు. ఆ ఇద్దరిలో ఒకరు ఈ రోజు ఈ సభకు... వద్దులే. (నవ్వులు. అధ్యక్షులు రెండు చేతులూ జోడించారు.)

నా పుస్తకం పేజీలు, రెండు ఉత్తరాలు, అన్నీ జిరాక్సు తీయించి దిల్లీ సంస్థకు పంపాను. డిసెంబరులో అక్కడి నుంచి ఒక అధికారి ఫోన్ చేశాడు. ఇంగ్లీషులో అడిగాడు, "మేడం, మీ దగ్గర ఇన్ని రోజుల కొలతలు ఒక్కటి కూడా తప్పిపోకుండా ఎలా ఉన్నాయి?" నేను ఇంగ్లీషులోనే అడిగాను, "లేకపోతే ఎలా ఉంటాయి బాబూ?" పాపం, ఎవరి చేతుల్లో పెరిగాడో.

విచారణ దాదాపు రెండేళ్లు జరిగింది. నేనొక్కదాన్నే కాదు, చాలా ఊళ్ల నుంచి చాలామంది రాశారు. తేలింది ఏమిటంటే, ఈ మూడు కంపెనీల ఇంజినీర్లు ఏటా హోటల్లో కూర్చుని మాట్లాడుకునేవాళ్లట. యూరియా నీళ్ల టాంకు ఎవరూ ఇరవై లీటర్లు దాటించకూడదు. పెద్ద టాంకు పెడితే బండిలో చోటు పోతుంది, ఖర్చు పెరుగుతుంది. పదివేల కిలోమీటర్లకు ఒకసారి సర్వీసు కదా, ఆ లోపల కొన్నవాడు నీళ్లు పోసుకునే పని పడకూడదు, పడితే విసుక్కుంటాడు. ఇరవై లీటర్లు పదివేల కిలోమీటర్లకు రావాలంటే వెయ్యికి ఎంత? ఒకటీ తొమ్మిది వందలు, అడుగున కొంచెం మిగులు. అక్కడి నుంచి వచ్చింది నా అంకె! మొదట్లో పొగను శుభ్రంగా కడిగిన బండ్లను కూడా సర్వీసు పేరుతో పిలిచి, కంప్యూటరు తగిలించి, తక్కువ కడిగేలా దిద్ది పంపారు. అజయ్ ఆ రోజు బజారులో చెప్పిన మాటనే దిల్లీవాళ్లు నూట అరవై పేజీల్లో రాశారు.

కంపెనీల లాయర్లు ఏమన్నారో తెలుసా? మేము చట్టాన్ని దాటలేదు, చట్టం అడిగినంత శుభ్రం చేస్తూనే ఉన్నాం అన్నారు. నిజమే. దానికి ఆ సంస్థ చెప్పిన జవాబును నేను మా క్లాసు భాషలో చెబుతాను. క్లాసులో బాగా చదివే ముగ్గురు పిల్లలు గోడ చాటున కలుసుకుని, "మనలో ఎవరూ ముప్పై ఐదు మార్కులకు మించి తెచ్చుకోవద్దు, అప్పుడు ఎవరూ చదవనక్కర్లేదు" అని ప్రమాణం చేసుకున్నారనుకోండి. ముగ్గురూ పాసే. ఒక్కరూ తప్పలేదు. కానీ టీచరు బెత్తం తీస్తుందా లేదా? తీస్తుంది! పాసు మార్కులు తెచ్చుకోవడం తప్పు కాదు. ఎవరూ అంతకంటే మంచిగా ఉండకూడదని కలిసి ఒప్పుకోవడం తప్పు. (చప్పట్లు)

ఆ ఆర్డరులో నూట పన్నెండో పేజీలో, కింద చిన్న అక్షరాల్లో, పదిహేడో నంబరు వేసి ఒక వాక్యం ఉంది. "నంద్యాలకు చెందిన ఒక వృద్ధ మహిళ సమర్పించిన దినవారీ కొలతలు కూడా దీనినే సూచిస్తున్నాయి." అది నేనే! (చప్పట్లు) ఆ పేజీని పెద్దది చేయించి ఇంట్లో పటం కట్టించాను. వృద్ధ అన్న మాట మీద అప్పీలుకు పోదామంటే కావ్య ఒప్పుకోవడం లేదు. (నవ్వులు)

ఇంతవరకు సన్మానం. ఇక్కడి నుంచి నా పీరియడ్.

ఆ ఆర్డరులో నాకు అన్నిటికంటే నచ్చినది చివర్లో ఉంది. ముగ్గురిలో ఒక కంపెనీ అందరికంటే ముందు వెళ్లి మేము తప్పు చేశామని ఒప్పేసుకుందట. ముందు ఒప్పుకున్నవాళ్లకు జరిమానాలో మినహాయింపు ఉంటుందట. అది చదివాక నెల రోజులుగా నేను ఒకటే ఆలోచిస్తున్నాను. నంద్యాల, ఆళ్లగడ్డల్లో ఇంకెవరైనా ఇలా కలిసి ఒప్పందం చేసుకున్నారా అని.

చేసుకున్నారు. ఈ హాల్లోనే ఉన్నారు. పదకొండు మంది.

ఏప్రిల్ పదకొండు సాయంత్రం మన సంఘం వాట్సాప్ గ్రూపులో, "అజయ్ కుమార్‌ను ఎవరూ పనిలోకి తీసుకోవద్దు, దొంగతనం రుజువైంది" అని సందేశం వచ్చింది. దాని కింద పదకొండు బొటనవేళ్లు. మొదటి వేలు నాది. ఒక యజమాని ఒక డ్రైవరును వద్దనుకోవడం చట్టానికి తప్పు కాదు. కానీ ఈ రెండు ఊళ్లలో ఎవరూ ఇతనికి తాళం ఇవ్వకూడదని పదకొండు మందిమి కలిసి ఒప్పుకున్నాం. ఆ హోటలు గదికీ మన గ్రూపుకూ తేడా ఏమిటి? వాళ్లకు కనీసం కాఫీ ఇచ్చి ఉంటారు.

(సభలో ఎవరూ నవ్వలేదు)

అందుకని అందరికంటే ముందు నేను ఒప్పేసుకుంటున్నాను. మినహాయింపు నాకే రావాలి! అధ్యక్షులవారూ, మీరు రెండోవారు అవుతారు, మీకు పూర్తి జరిమానా! (నవ్వులు)

(అధ్యక్షులు లేచి: "మేడం, నేనూ ఒప్పుకుంటాండా! ఇద్దరం ఒగేసారి అని రాయండి!")

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. ఇది మీలో ఎవరికీ తెలియదు. ఆర్డరు పోయిన నెల వచ్చింది కాబట్టి, అజయ్ తప్పు లేదని నాకు పోయిన నెలే తెలిసిందని మీరనుకుంటున్నారు. సెప్టెంబరు ఎనిమిదిన రెండో కవరు చించిన క్షణంలోనే తెలుసు. ఇరవై ఆరు నెలలు. రుజువు కావాలి, ముద్ర కావాలి, ఆర్డరు రానీ అప్పుడు చెబుదాం అని నాకు నేను చెప్పుకున్నాను. అతన్ని దొంగ అనడానికి ఏ ఆర్డరు కోసమూ ఆగలేదు. కాదు అనడానికి దిల్లీ సంతకం కావలసి వచ్చింది.

అజయ్ ఇక్కడే ఉన్నాడు. మూడో వరుసలో, పక్కన అతని భార్య బ్లెస్సీ. మొన్న కావ్య ఆళ్లగడ్డ వెళ్లి పిలిస్తే వచ్చారు. అజయ్, నువ్వు...

(బ్లెస్సీ లేచి: "అవ్వా, ఒగ మాట. ఆ పొద్దు నువ్వు బజారులో మైకు లేకుండానే అరిచినావు. పూలంగళ్ల దాకా ఇనిపిచ్చింది. ఇప్పుడు మైకు పెట్టుకోని యాడాడో తిరుగుతాండావు. ఆ ఒక్క మాటా నిలబడి చెప్పు.")



న్యాయమైన మాట. ఈ మైకు ఇంకొంచెం దగ్గరకు జరపండి.

అజయ్ కుమార్ దొంగతనం చేయలేదు. అరవై ఎనిమిది లీటర్లూ బండే తాగింది. అతను ఆ రోజు నిజం చెప్పాడు, నేను వినలేదు. తప్పు నాది. దాన్ని సరిచేయడానికి ఇరవై ఆరు నెలలు పట్టడం అంతకంటే పెద్ద తప్పు, అది కూడా నాదే. క్షమించు నాయనా.

(బ్లెస్సీ: "ఆ. ఇప్పుడు ఇనిపిచ్చింది." కూర్చుంది.)

మా మనవలు నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. వాళ్లు పుట్టినప్పటి నుంచీ ఈ మాట నా నోట వినలేదు. ఫోనులో రికార్డు చేస్తున్నట్టున్నారు, చేసుకోండి, ఇంకోసారి దొరకదు. (నవ్వులు)

ఇక జరిమానా ఏమిటో అజయే చెప్పాలి. అతను వస్తానంటే తెల్ల బండి తాళం అతనికే ఇవ్వమని కావ్యకు చెప్పి ఉంచాను. అడుగుతున్నాను నాయనా, వస్తావా?

(అజయ్ కుమార్ లేచి: "పనికి రానవ్వా. ఆళ్లగడ్డలో స్కూలు బస్సు తోల్తాండా. ముప్పై ఎనిమిది మంది పిల్లోళ్లు. పొద్దున నేను పోకపోతే ఏడ్చేటోళ్లు ఇద్దరుండారు. ఈ పదకొండు మంది పెట్టుకోకపోతే ఆ పిల్లోళ్లు పెట్టుకున్యారు. కోపం పోయిందా అంటే, పోలే. కొంచెం తగ్గింది. ఎంత తగ్గిందో జాడీ తెచ్చి కొలవొద్దు." నవ్వులు. "నాకేం జరిమానా వద్దు. గ్రూపులో నా పేరు పెట్టినోళ్లు, ఎవురికి వాళ్లు, ఎవురి మాటతో వాళ్లు, అది తప్పని రాయాల. రేపు ఇంగో డ్రైవరు మీద ఇట్ల రాసేముందు పిలిచి అడగాల. అంతే.")

విన్నారా? భోజనాల ముందే రాయండి. ఆకు ముందు కూర్చునే ప్రతివాళ్ల ఫోనూ నేను చూస్తాను.

అయితే, మొదట ఒప్పుకున్నాను కదా అని నేను అడిగిన మినహాయింపు నాకు దొరకలేదు. ముసలివాళ్లను ఘాటులో నిద్రపుచ్చే డ్రైవరు ఆళ్లగడ్డ పిల్లలకు పోయాడు. జరిమానా నాకు పూర్తిగానే పడింది, రూపాయి తగ్గలేదు. దీని మీద అప్పీలుకు పోను.

(అజయ్ కుమార్ మళ్లీ లేచి: "అవ్వా, పనికి రానన్యా గానీ, మేమిద్దరం ఎట్లాగూ మీ వీధి మీదనే పోవాల. అన్నం తిన్నాక ఇంటికాడ దించి పోతాం. బేగా ముగించు.")

(చప్పట్లు)

ముగిస్తున్నాను నాయనా. చూశారా, పన్నెండూ ఇరవై ఐదు, ఇంకా ఐదు నిమిషాలు మిగిల్చాను! ఈ సభ ఏర్పాటు చేసిన సంఘానికి, ఇంత తిట్టినా చప్పట్లు కొట్టిన యజమానులకు, లెక్క కరెక్టే అని నిజం చెప్పిన డ్రైవర్లకు, ఒక్క మాట దగ్గర నన్ను నిలబెట్టిన బ్లెస్సీకి, పదమూడేళ్లు నన్ను భరించి ఈ రోజు విడుదలైన మా అబ్బాయికి నా ధన్యవాదాలు. ఇంటికి వెళ్లేటప్పుడు నేను వెనక సీట్లో కూర్చుంటాను. దారి పొడుగునా ఒక్క లెక్క కూడా అడగను.

(సభలో నుంచి చాలామంది: "అడుగుతావు!")

అడగను. మీటరు మాత్రం చూస్తాను. సెలవు.